తీవ్ర మితవాది అంటే ఎవరు?

మా మేనకోడలు గ్రూప్-2కి చదువుతోంది. ఒకరోజు రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడక్కుండా, "మావయ్యా, గోఖలే రైటిస్టా?" అంది.

నాకు నవ్వొచ్చింది. దానికి రాలేదు.

"చరిత్ర పుస్తకంలో గోఖలే మితవాది అని ఉంది. పేపర్లో చూస్తే ఫ్రాన్స్‌లో ఆ లె పెన్ పార్టీ మితవాద పార్టీ. మా సర్‌ని అడిగితే మితవాదం అంటే రైట్ వింగే కదమ్మా అన్నారు. అలాగైతే వీళ్లిద్దరూ ఒకే బాపతా? బిట్‌లో ఇస్తే ఏం పెట్టాలి?"

ఏం పెట్టాలో చెప్పి ఫోన్ పెట్టేశాను. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. తప్పు దానిది కాదు, మాది. ఇరవయ్యేళ్లకు పైగా డెస్కులో కూర్చుని ఏజెన్సీ వార్తలు తెలుగు చేసి అంతర్జాతీయ పేజీ నింపుతున్నవాణ్ణి. 'రైట్ వింగ్' అని కనబడగానే చెయ్యి దానంతటదే 'మితవాద' అని కొట్టేస్తుంది. 'మోడరేట్' అని కనబడినా అదే మాట కొడుతుంది. 'ఫార్ రైట్' వచ్చిందా, ముందు 'తీవ్ర' తగిలిస్తాం. తీవ్ర మితవాదం! విపరీతంగా కొంచెం అన్నట్టు.

2024 జులై మొదటి వారం గుర్తు చేసుకోండి. నాలుగో తేదీన బ్రిటన్‌లో ఎన్నికలు. పద్నాలుగేళ్లుగా గద్దె మీదున్న కన్జర్వేటివ్‌లు చిత్తుగా ఓడారు. ఐదో తేదీన ఇరాన్‌లో అధ్యక్ష ఎన్నిక రెండో విడత. గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు మసూద్ పెజెష్కియాన్, కరుడుగట్టిన ఛాందసవాదిగా పేరున్న సయీద్ జలీలీ మీద నెగ్గారు. ఏడో తేదీన ఫ్రాన్స్‌లో రెండో విడత. మొదటి విడతలో అందరికంటే ముందున్న లె పెన్ పార్టీ, నేషనల్ ర్యాలీ, సీట్ల లెక్కలో మూడో స్థానానికి జారింది. మా డెస్కుల్లో అరిగిపోయిన మాటలతోనే ఈ మూడు వార్తలూ రాస్తే ఇలా తేలుతుంది: బ్రిటన్‌లో మితవాదులు ఓడారు, ఇరాన్‌లో మితవాది గెలిచారు, ఫ్రాన్స్‌లో తీవ్ర మితవాదులకు ఎదురుదెబ్బ. ఆ పేజీ చదివిన మనిషి లోకంలో మితవాదానికి మంచిరోజులు వచ్చాయనుకోవాలా, పోయాయనుకోవాలా?

నిజానికి 'మితం' ఎంతో మర్యాదైన మాట. కొలత అని దాని అర్థం. పరిమితి, అమితం, చివరికి మనం మింగే మాత్ర కూడా ఆ కొలత కుటుంబంలోనివే. మితంగా తినమంటాడు డాక్టరు. మితభాషి అంటే పెళ్లిచూపుల్లో ప్లస్ పాయింటు. ఇంట్లో ఇంత గౌరవం ఉన్న మాట రాజకీయాల్లోకి వెళ్లేసరికి తిట్టయి కూర్చుంది. అది ఏ కాలంలో మొదలైందో చెప్పొచ్చు.

1907 జనవరి 2న కలకత్తాలో తిలక్ ఒక ఉపన్యాసం ఇచ్చారు. మన రాజకీయాల్లోకి ఈమధ్య రెండు కొత్త మాటలొచ్చాయి, మోడరేట్లు, ఎక్స్‌ట్రీమిస్టులు అని మొదలుపెట్టి, ఈ మాటలు కాలంతో ముడిపడ్డవి, కాలంతోపాటే మారతాయన్నారు. నేటి అతివాదులు రేపు మితవాదులవుతారు, నేటి మితవాదులు నిన్న అతివాదులే అన్నది దాని సారం. ఈ విషయం మీద ఇంతకంటే తెలివైన మాట తర్వాతి వందేళ్లలో ఎవరూ అన్నట్టు నాకు కనబడదు. తిలక్ తనమీద తానే జోస్యం చెప్పుకున్నారేమో కూడా. మాండలేలో ఆరేళ్ల శిక్ష అనుభవించి వచ్చాక, 1919 అమృత్‌సర్ కాంగ్రెస్ నాటికి, ప్రభుత్వం ఎంత దిగితే మనమూ అంత సహకరిద్దాం అనే దగ్గరికి ఆయనా చేరారు.

ఆ ఉపన్యాసం జరిగిన ఏడాది చివర్లోనే సూరత్ కాంగ్రెస్ రసాభాస అయింది. డిసెంబర్ 26న మొదటి రోజు సభ గోలతోనే వాయిదా పడింది. రెండో రోజు రాస్‌బిహారీ ఘోష్ అధ్యక్షోపన్యాసానికి లేవగానే తిలక్ వేదికెక్కి, తాను ముందే చీటీ పంపానని, సవరణ ప్రతిపాదించనివ్వాలని పట్టుబట్టి, చేతులు కట్టుకుని నిలబడిపోయారు. దిగమంటే దిగరు. అంతలో జనంలోంచి ఒక చెప్పు గాల్లోకి లేచింది. అక్కడే ఉన్న నెవిన్సన్ అనే ఇంగ్లిష్ విలేకరి దాన్ని కంసాలి నగను చూసినంత శ్రద్ధగా వర్ణించాడు: ఎర్రటి తోలుతో చేసిన మరాఠా చెప్పు, ముందు మొన, అడుగున సీసం మేకులు. అది సురేంద్రనాథ్ బెనర్జీ చెంపకు తగిలి, అక్కణ్ణుంచి ఎగిరి ఫిరోజ్‌షా మెహతా మీద పడింది. ఒక్క చెప్పుకి ఇద్దరు మితవాదులు! మన పాఠ్యపుస్తకాల్లో ఈ ఘట్టం 'సూరత్ చీలిక' అనే రెండు మాటల్లో అయిపోతుంది. చెప్పు సంగతి కూడా రాస్తే పిల్లలు ఆ తేదీని జన్మలో మరిచిపోరు.

మోడరేట్ అన్న ఆ ఇంగ్లిష్ మాటను ఒక్కో భాష ఒక్కోలా అందుకుంది. మరాఠీవాళ్లు మవాళ, జహాల్ అన్నారు, మెత్తన, ఘాటు అని. హిందీవాళ్లు నరమ్ దళ్, గరమ్ దళ్ అన్నారు. కన్నడంలో మందగామి, తీవ్రగామి, అంటే నడక వేగాన్ని బట్టి. మనం కొలతను పట్టుకున్నాం: మితం, అతి. ఇందులో ఒక చిక్కుంది. మెత్తదనం, వేడి, వేగం మనిషిలో కనబడే గుణాలు. కొలత అలా కాదు, కొలిచేవాడు ఒకడు ఉండాలి. ఎవడి గిద్ద, ఎవడి మానిక అనేది తేలనిదే ఎవరు మితమో ఎవరు అతో తేలదు.

మలయాళంలో ఈ మాట కథే వేరు. అక్కడ 'మితవాది' ఒక పత్రిక పేరు. 1907లోనే తలశ్శేరిలో మొదలైంది. సూరత్‌లో చెప్పు లేచిన ఆ డిసెంబరులోనే, ఆధునిక మలయాళ కవిత్వానికి మలుపు అని చెప్పుకునే కుమారన్ ఆశాన్ 'వీణపూవు' ఆ పత్రికలో అచ్చయింది. తర్వాత ఆ పత్రికను నడిపిన సి.కృష్ణన్ వకీలు. పత్రిక పేరే ఆయనకు ఇంటిపేరైపోయి మితవాది కృష్ణన్ అయ్యారు. ఆంగ్లేయుల పట్ల మెతకగానే ఉన్నారు, కులం మీద మాత్రం కత్తి దూశారు. ఆయన్ని మితవాది అనాలంటే ముందు దేనిలో అని అడగాలి కదా.

ఆ ప్రశ్న మన దగ్గరా అడగాలి. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం గారు బ్రిటిష్ పాలన మీద ఏ రోజూ యుద్ధం ప్రకటించలేదు. అతివాది తిలక్ 1891లో వచ్చిన సమ్మతి వయసు బిల్లును వ్యతిరేకించారు. పన్నెండేళ్లు నిండని బాలికతో కాపురం నేరమనడమే ఆ బిల్లులో ఉన్నది. 1895 పూనా కాంగ్రెస్ పందిట్లో సంఘ సంస్కరణ సభ జరగనివ్వబోమని గొడవ చేసిందీ తిలక్ వర్గమే. వేదిక తగలబెడతామన్న బెదిరింపులూ వచ్చాయి. దొర ముందు మితవాదులైనవాళ్లు పురోహితుడి ముందు అతివాదులు. దొర ముందు అతివాదులైనవాళ్లు ఇంట్లో, కొన్నిసార్లు, మితం కంటే కూడా తక్కువ. ఒక మనిషికి ఒక్క గీత మీదే మార్కులు వేస్తే ఇదే ఇబ్బంది.

తెలుగు మితవాదుల్ని మనం దాదాపు మర్చేపోయాం. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఊరిని ఊపేశారు. చిలకమర్తి వారి పాడియావు పద్యం ఆ సభతోనే ఊరూరికీ పాకింది. వందేమాతరం బ్యాడ్జీ పెట్టుకున్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు ట్రైనింగ్ కాలేజీ నుంచి గెంటించుకున్నారు. ఇవన్నీ మనకు కంఠతా వచ్చు. అదే ఊళ్లో న్యాపతి సుబ్బారావు పంతులు గారున్నారు. 1878లో హిందూ పత్రిక పెట్టిన ఆరుగురిలో ఒకరు, పేరున్న మితవాది. ఆయన గురించి ఇప్పుడు అడిగితే ఎంతమంది చెప్పగలరు? చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి సంగతి ఇంకా అన్యాయం. విజయనగరం కుర్రాడు అలహాబాద్ వెళ్లి 'లీడర్' పత్రిక సంపాదకుడై ఉత్తరాదిని ఇంగ్లిష్‌లో శాసించారు. 1921లో అక్కడ మంత్రి కూడా అయ్యి, గవర్నరుతో పొసగక రెండేళ్లకే రాజీనామా పారేశారు. 1918లో కాంగ్రెస్ వదిలి లిబరల్ ఫెడరేషన్ పెట్టుకున్న బృందంలోని మనిషి. వాళ్లు తమని తాము లిబరళ్లనే పిలుచుకున్నారు. ఎవరైనా తమంతట తాము 'నేను మోడరేట్‌ని' అని చాటుకున్నారంటే అక్కడ ఏదో పరిస్థితి బాగాలేదని అర్థం. ఈ పేరు ఎప్పుడూ అవతలివాళ్లు పెట్టేదే.

పెట్టిన పేరు వెనక వెటకారం ఉంది: అర్జీలు రాసుకునేవాళ్లు, బిచ్చం అడిగేవాళ్లు. కానీ ఆ అర్జీల్లో ఏముందో చూస్తే వెటకారం నిలబడదు. ఈ దేశం సంపద ఏటా ఎలా ఓడలెక్కిపోతోందో లెక్కకట్టి చూపించింది మితవాది దాదాభాయి నౌరోజీ. తర్వాతి అతివాదులందరూ ఆ లెక్కల మీదే నిలబడి మాట్లాడారు. గోఖలే 1911లో నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు పెట్టారు. మరుసటి ఏడాది 38-13 ఓట్లతో అది వీగిపోయింది. ఆయన అడిగినలాంటి చట్టం స్వతంత్ర భారతంలో 2009 దాకా రాలేదు. గోఖలే మితంగా అడిగారో, వందేళ్ల ముందే అడిగారో మీరే చెప్పండి.

ఇప్పుడు నా మేనకోడలి చిక్కు దగ్గరికి వస్తాను. గోఖలేకి చెందిన ఈ మాట లె పెన్ దగ్గరికి ఎలా చేరింది?

మొదటి కారణం చిన్నది, కానీ నాకు భలే ఇష్టమైనది. 1789లో ఫ్రెంచి జాతీయ సభలో రాజు అధికారాలను సమర్థించేవాళ్లు అధ్యక్షుడికి కుడివైపు, వద్దనేవాళ్లు ఎడమవైపు కూర్చున్నారు. లెఫ్ట్, రైట్ అప్పుడే పుట్టాయి. లెఫ్ట్‌కి మనం వామపక్షం అనుకున్నాం, చక్కగా అతికింది. దానికి జంట దక్షిణపక్షం కావాలి. హిందీలో దక్షిణ్‌పంథీ అని హాయిగా వాడేస్తున్నారు. తెలుగువాడికి దక్షిణం అంటే దిక్కు. దక్షిణపక్షం అనగానే మనకు చెన్నై, బెంగళూరు తప్ప రాజకీయం తట్టదు. ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ కుర్చీలో మితవాదం వచ్చి కూర్చుంది.

రప్పించింది కమ్యూనిస్టులని నా అనుమానం. వాళ్ల పరిభాషలో పార్టీ పంథా నుంచి పక్కకు జరిగే దారులు రెండు. విప్లవాన్ని తొందరపెడితే అతివాద ధోరణి, నీరుగారిస్తే మితవాద అవకాశవాదం. ఇంగ్లిష్‌లో ఈ రెండోదే రైట్ ఆపర్చునిజం. పార్టీ లోపల రైటుకి పోవడమంటే వేగం తగ్గించడం, రాజీ పడటం. అక్కడ 'మితం' సరిగ్గా సరిపోయింది, పొరపాటేమీ లేదు. 1964 జులైలో తెనాలి సదస్సుతో పార్టీ చీలిక ఖాయమయ్యాక ఒకర్నొకరు తిట్టుకోవడానికి ఈ మాటలే ఆయుధాలయ్యాయి. తెలుగు జర్నలిజంలోకి ఆ శిబిరం నుంచి వచ్చినవాళ్లు తక్కువేం కాదు. అనువాదం తెలిసిన చేతులు వాళ్లవి. రైట్ అంటే మితవాదం అన్న సమీకరణం వాళ్ల సంచీల్లోనే డెస్కుల్లోకి వచ్చి ఉంటుంది.

నిజాం రాష్ట్రంలో ఇంకో సంగతి జరిగింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభలో పోనుపోనూ రెండు గుంపులు తేలాయి. మాడపాటి హనుమంతరావు, మందుముల నరసింగరావు వంటి పెద్దలది ఒకటి, రావి నారాయణరెడ్డి వైపు యువకులది ఇంకొకటి. 1944 భువనగిరి సభతో పూర్తిగా విడిపోయారు. చరిత్ర పుస్తకాలు వాళ్లని మితవాదులు, అతివాదులు అనే రాస్తాయి. అక్కడ అతివాదులు అచ్చంగా లెఫ్ట్. దాంతో మితవాదులు రైట్ అయి తీరాలి. రెండు గీతలు ఒకచోట కలిసిపోయాయి. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాల్సిన రాజ్యంలో గ్రంథాలయాలు పెట్టి, 1928లో నారాయణగూడలో ఆడపిల్లలకి తెలుగు మాధ్యమంలో బడి నిలబెట్టిన మాడపాటి వారిని రైటిస్టు అంటే నాకు మింగుడుపడదు. పుస్తకం మాత్రం పిల్లల చేత అలాగే అనుకునేలా చేస్తుంది.

మా సీనియర్ ఒకాయన దగ్గర ఇదంతా వెళ్లబోసుకుంటే కొట్టిపారేశారు. "పాఠకుడికి అర్థమవుతోంది కదయ్యా. వాడుకలో పడ్డ మాటకి వ్యుత్పత్తి అడుగుతావేంటి? నూనె అంటే నువ్వులదే అయ్యుండాలా?" నిజమే, వాడుక ముందు వ్యాకరణం నిలవదు. వామపక్ష పత్రికలో 'పచ్చి మితవాద ప్రభుత్వం' అని చదివితే ఆ పాఠకుడికి బోధపడుతుంది, వాళ్ల మధ్య అది ఇంటి భాష. నా బాధ మిగతా పత్రికలతో. నూనె అన్న మాట వల్ల వేరుశనగకి లాభమూ లేదు, నువ్వులకి నష్టమూ లేదు. ఇక్కడ ఉన్నాయి. వలస వచ్చినవాళ్లని తరిమేస్తామనే పార్టీని మితవాద పార్టీ అని రాసినప్పుడు, వాళ్లు అడక్కుండానే మనం వాళ్లకి మెతకదనం సర్టిఫికెట్ ఇస్తున్నాం. 'తీవ్ర' తగిలించినా లాభం లేదు. చెవికి మితమే ముందు చేరుతుంది. అదే సమయంలో, నిజంగా నిదానంగా పోదామనే మనిషికి ఉన్న ఒక్క పేరూ లాగేసుకుంటున్నాం.

ఆ మనిషికి ఇప్పుడు మిగిలిన పేర్లు చూడండి. తటస్థుడు, అంటే గట్టున నిలబడ్డవాడు. ఏటిలో మునుగుతున్నవాళ్లకి గట్టు మీదివాణ్ణి చూస్తే మంట పుట్టదూ? గోడ మీద పిల్లి. పాము చావకుండా కర్ర విరక్కుండా మాట్లాడేవాడు. కొత్తగా వచ్చింది 'న్యూట్రల్'. ఆంధ్ర రాజకీయాల మీద సోషల్ మీడియాలో పది నిమిషాలు తిరిగితే 'న్యూట్రల్ ముసుగు' అన్న మాట తగలకుండా బయటపడలేరు. ఎన్నికల ముందు మాత్రం వీళ్ల గిరాకీ వేరు. 2019లో వైఎస్సార్‌సీపీ 'అన్న పిలుపు' పేరుతో ఊళ్లలోని తటస్థులకి ప్రత్యేకంగా ఉత్తరాలు రాసింది. ఓటు పడేదాకా తటస్థుడు గారు, పడ్డాక ముసుగు వాడు.

పైగా ఈ పేర్లన్నీ ఎటూ తేల్చనివాడివి. మితవాది ఎటూ తేల్చనివాడు కాదు. గోఖలేకి ఎటు పోవాలో తెలుసు, ఎంత వేగంతో పోవాలన్న దగ్గరే తిలక్‌తో తేడా. గట్టు మీద నిలబడటానికీ, లోతు చూసుకుంటూ ఏరు దాటడానికీ తేడా చెప్పే మాట మనకు ఒకటి ఉండేది. దాన్ని తీసుకెళ్లి మరీన్ లె పెన్‌కి కట్టబెట్టాం.

రైట్ వింగ్‌కి ఏం రాయాలయ్యా మరి అంటారా? రైటిస్టు అంటే తెలియని పాఠకుడు నాకు ఈ ఇరవయ్యేళ్లలో తగల్లేదు. సంప్రదాయవాది, జాతీయవాది, వలసల వ్యతిరేక పార్టీ, ఏది నిజమైతే అది రాయొచ్చు. మూడు రకాల మనుషుల్ని ఒక్క మాటలో కుక్కడం కంటే కాస్త పొడుగైనా పర్లేదు.

మొన్న డ్యూటీలో ఉండగా యూరప్ ఎన్నికల వార్త ఒకటి వచ్చింది. ట్రైనీ కుర్రాడు తెలుగు చేసి పెట్టాడు, శీర్షికలో 'తీవ్ర మితవాదుల జోరు' అని. కొట్టేసి 'వలసల వ్యతిరేక పార్టీల జోరు' అని మార్చాను. రెండు కాలమ్‌ల శీర్షిక, పట్టలేదు. పేజీ పెట్టే ఆయన నావైపు ఓసారి చూసి, 'పాతదే బాగుంది కద సార్' అని గొణుక్కుంటూ అక్షరాల పాయింటు తగ్గించి సర్దాడు.